మైలుతుత్తం వెయ్యని జిగురు

పంచిన సంచిలో రెండు కిలోల మైదా వచ్చింది.
ఒక కిలో పోస్టరుకి కావాలన్నాడు మా ఆయన.
నేను గరిటె ఎత్తాను.
కొట్టడానికో కలపడానికో
ఆ క్షణాన నాకే తెలీదు.

తొమ్మిది రోజులు బుడమేరు మా ఇంట్లో కాపురముంది.
పోతూ పోతూ ఛాతీ ఎత్తున
గోడమీద బురదగీత గీసి పోయింది,
ఇంతవరకూ నాదే అన్నట్టు.
రేషన్ కార్డు పూరీలా ఉబ్బింది.
మనవరాలి లెక్కల పుస్తకంలో
కూడికలన్నీ నీలంగా కరిగి
ఒకే మొత్తమయ్యాయి.
సింగ్ నగర్ మొత్తానికి పొడిగా మిగిలింది ఫ్లైఓవరొక్కటే.
దానిమీదే తిన్నాం, దానిమీదే పడుకున్నాం,
చాప జాగా కోసం దానిమీదే తిట్టుకున్నాం.

ముప్పై ఏళ్లుగా జిగురు కాచేది నేను.
గురువారం రాత్రి గాంధీనగర్ నించి చుట్టలొచ్చేవి.
మా ఏసుపాదం సైకిలుకి నిచ్చెన కట్టుకుని
తెల్లారేలోపు
బెజవాడ గోడలకి కొత్త మొహాలు తొడిగేవాడు.
జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తాను.
పురుగు పట్టదు, గొడ్డు నాకదు.
మా పనిలో మొదటి పాఠం అది.

నాగుల్ మీరా భాయ్ చెయ్యి
ఒకప్పుడు కటౌట్లకి కళ్లు పెట్టిన చెయ్యి.
ఒక్కో కన్ను మంచమంత.
ఫ్లెక్సీలొచ్చాక ఆటోల వెనక నంబర్లు రాస్తున్నాడు.
అటకమీంచి పాత చుట్ట దించుకొచ్చాడు,
ఆడకుండానే పోయిన సినిమాది.
"వెనకపక్క ఎప్పుడూ ఖాళీయే కదా సలోమమ్మా" అని
తిరగేసి పరిచాడు.

వార్డు కుర్రాడు పక్కన చేరి
ధైర్యంగా ఉండండి అని పెద్దక్షరాల్లో రాయమన్నాడు.
"ఆ మాట మైకులో చెప్పెళ్లారు.
పడవే రాలేదు."

గీసింది ఒక దండెం.
అంతే. ఈ కొస నించి ఆ కొసకి తాడు,
తాడుమీద బట్టలు.
ఆరుతున్నవి కాదు,
ఆరినవి.
పెళపెళలాడేవి,
మొహానికి ఆనిస్తే ఎండ వాసన వేసేవి.

సగం మైదా రొట్టెలు కాల్చి
అదే పొయ్యిమీద సగం కాచాను.
మైలుతుత్తం డబ్బా మూత తీశాను.
వేలు ముంచి నాకుదామని
పిల్ల గిన్నె చుట్టూనే తిరుగుతోంది.
మూత పెట్టేశాను.

తడిగోడ రెండుసార్లు ఊడ్చి పారేసింది.
మూడోసారి ఏసుపాదం చొక్కా విప్పి గోడ తుడిచి
సరిగ్గా బురదగీత మీద అంటించి
వీపు ఆనించి నిలబడ్డాడు,
పట్టేదాకా,
ఎవరో కొలత తీస్తున్నట్టు.

ఎర్రంచు చీర నాదే అంది తిరపతమ్మ.
కాదనడానికి ఎవరి దగ్గరా చీర లేదు.
నిక్కరు జేబుకి చిల్లు కూడా పెట్టాడని
పిల్లలు వేళ్లు దూర్చి చూశారు.
మిషను పోయినకాణ్ణించీ నోరు విప్పని టైలరు జాన్ సైదా
చాలాసేపు నిలబడి నిలబడి
"గుండీలు తప్పువైపు గీశావ్ భాయ్" అన్నాడు.
భాయ్ మాట్లాడకుండా కుంచె ఇచ్చాడు.
జాన్ సైదా గుండీలు మార్చాడు, ఐదూ,
నాలుగేసి చిల్లులతో సహా.

తెల్లారి చూస్తే కింది సగం లేదు.
పక్కనే గేదె.
పలుపు తెంపుకుని బతికింది,
పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు,
మూతికి ఎర్రరంగు.
ఏసుపాదం రాయి తీశాడు.
చేతిలోనే ఉంచుకున్నాడు.
గోడమీద దండెం, రెండు క్లిప్పులు, చొక్కా కాలరు.
"నా చీర తినేసిందే ముండ!" అని
తిరపతమ్మ కూలబడి నవ్వింది.
ఆ నవ్వుకి ఎవరు చచ్చారోనని
పక్కవీధివాళ్లు పరిగెత్తుకొచ్చారు.

మర్నాడు మా గడపలో స్టీలు గిన్నె,
గిన్నెలో పిడికెడు మైదా.
పక్కన పేపరు పొట్లంలో ఇంకో పిడికెడు,
తడిసి గడ్డకట్టింది.
పొట్లం కట్టిన దారం మాత్రం
టైలరు కొట్టు దారంలానే ఉంది.

భాయ్ ఇంకో షీటు తిరగేశాడు.
"ఈసారైనా తుత్తం వేస్తున్నావా?" అన్నాడు మా ఆయన.
నీళ్లు మరుగుతున్నాయి.
లేదన్నాను.
దానికీ తొమ్మిది రోజులు మేత లేదు.
చీర మాత్రం కాస్త పైన ఆరెయ్యమని చెప్పు.